గ్రీష్మయాత్ర – సంకల్పధర్మము

వైశాఖ శుద్ధ చతుర్దశి శ్రీనృసింహ జయంతి. ఆనాటికి అహోబిలము చేరి నవనారసింహులను సేవింపవలెనని మ్రొక్కుకొనువారు పెక్కుమంది కలరు. అయితే ఆ పుణ్యతిథి తరచుగా అగ్నికర్తరి దినములలోనే వచ్చును. ఎగువ అహోబిలమువరకు వాహనములు పోవును గాని, జ్వాలానృసింహుని సన్నిధికి నల్లమల రాళ్లదారియే శరణ్యము.

గుంటూరునుండి వృద్ధమాతతో, పసిపిల్లలతో కారులో బయలుదేరనున్న గృహస్థునకు ఎండ 45 డిగ్రీలు దాటునను వార్త వినవచ్చిన దనుకొందము. మ్రొక్కు తప్పిన దోషము కలుగునేమోయని తల్లి భయము. ప్రాణహాని కలుగునేమోయని కుమారుని శంక. భక్తి ఎవరి పక్షమున నున్నది?

శ్రీమద్రామాయణము కిష్కింధకాండలో దీనికి సమాధానము కలదు. సీతావియోగముతో దహించుకొనిపోవుచున్నను శ్రీరామచంద్రుడు వర్షర్తువంతయు ప్రస్రవణగిరిపై వేచియుండెను. కార్తికమున ప్రయత్న మారంభింపుమని సుగ్రీవునకు గడువు చెప్పెను. ఋతువు నెరిగి ఆగుట ఆ ప్రభువునకే లోపము కానప్పుడు మనకు లోపమెట్లగును? అయితే సుగ్రీవుడును ఆగెను. భోగములలో మునిగి గడువు మరచెను. లక్ష్మణుని ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. ఆగుట ఇరువురికిని సమానమే. ఒకరి హృదయమున సంకల్పము జ్వలించుచుండెను, మరియొకరియందు నిద్రించెను. భేద మంతయు నిచ్చటనే యున్నది.

మానవదేహపు సహజమైన వేడి సుమారు 37 డిగ్రీలు. గాలి అంతకుమించి కాగినపుడు దేహము చల్లబడుటకు చెమట యొక్కటే దారి. వృద్ధులకు దప్పిక చక్కగా తెలియదు, పసివారు చెప్పలేరు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి మించి మరణించిరి. ఇది విస్మరింపదగిన విషయము కాదు.

తన శరీరముతో చేయు తపస్సును ఎవరికి వారు వరింపవచ్చును. పరుల శరీరములపై దానిని మోపరాదు. కారు నడపు డ్రైవరు ఏ మ్రొక్కు మ్రొక్కుకొనెను? ఒడిలోని శిశువు ఏ సంకల్పము చెప్పెను? వారి బాధతో కొన్న పుణ్యమును ప్రహ్లాదవరదుడు మెచ్చునా?

తిరుమలలో చైత్ర శుద్ధ త్రయోదశి మొదలు మూడునాళ్లు వసంతోత్సవము. పూరీక్షేత్రమున అక్షయ తృతీయతో చందనయాత్ర ప్రారంభమై, ఉత్సవమూర్తి నరేంద్రసరస్సున నౌకావిహారము చేయును. గ్రీష్మమున స్వామికే శీతలోపచారము చేయు సంప్రదాయము, ఆయన బిడ్డలను ఎండలో మాడుమని శాసింపదు.

కావున యాత్రను మార్చుకొనుట దోషము కాదు, మరచుట దోషము. జయంతినాడు ఇంటనే స్వామి నారాధించి, పానకము నివేదించి, వాకిట బాటసారులకు మంచినీరు పోయవలెను. కార్తికమున స్వామి జన్మనక్షత్రమైన స్వాతినాడు దర్శింతుమని దేవునియెదుట దినము నిర్ణయించుకొనవలెను. మ్రొక్కు ముడుపును విప్పక అట్లే యుంచవలెను. ఆ దినము వచ్చినపుడు మరియొక సాకు వెదకక బయలుదేరువాడే సంకల్పమును నిలుపుకొన్నవాడు.