ముందు ఏమైంది?

చిన్న పిల్లాడికి నిక్కరు తొడుక్కోవడం నేర్పేటప్పుడు నీ చేతులు ఏం చేస్తాయో ఎప్పుడైనా చూసుకున్నావా, చెల్లీ?

మొదటి నుంచి మొదలుపెట్టవు. చివరి నుంచి వస్తావు. రెండు కాళ్లూ నువ్వే దూర్చి, మోకాళ్లు దాటించి, తొడల మీదికి తెచ్చి ఆపుతావు. వాడి బొటనవేళ్లు రెండూ ఎలాస్టిక్ లోపల పెట్టి, పైన నీ చెయ్యి వేసి, "లాగు నాన్నా" అంటావు. మిగిలింది జానెడే. ఆ జానెడు వాడు లాక్కుంటే శభాష్ అని చప్పట్లు. అది వచ్చాక మోకాళ్ల దగ్గరే ఆపుతావు. ఆ తరువాత మడమల దగ్గర. నీ చెయ్యి బరువు కూడా కొంచెం కొంచెంగా తగ్గిస్తావు. చివరికి వేలు తగిలిస్తే చాలు.

"ఇంకా నిక్కరు దగ్గరే ఉన్నారా మేడం?" అని అడిగేవాళ్లుంటారు. వాళ్ల సంగతి సరే. కొన్ని సాయంత్రాలు ఆ మాట నీకు నువ్వే అనుకుంటావు చూడు, అదే ఎక్కువ నొప్పి.

మంథని చుట్టుపక్కల ఊళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే ఈ పని తెలిసినవాళ్లు ఎంతమంది? భవిత కేంద్రంలో పిల్లలు, బడిదాకా రాలేని పిల్లల ఇళ్లు, వైకల్య ధ్రువపత్రాల క్యాంపుకు ఏ కాగితాలు తీసుకుపోవాలో చెప్పడం, కరీంనగర్ పెద్దాసుపత్రిలో ఎవరిని కలవాలో చెప్పడం, అన్నీ నీ నెత్తినే. ఇవాళ ఎవరైనా కరిచారా? ముంజేతి మీద ఆ పళ్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉందా?

సెంటినరీ కాలనీ వైపు ఒక ఇల్లు అనుకో. ఇలాంటి ఇల్లు నీ రిజిస్టరులోనూ ఉండే ఉంటుంది. తండ్రికి బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు. పొద్దున వచ్చి పడుకుంటాడు. ఉన్నది ఒక్కటే గది. ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబుకు ఇంకా మాటలు రాలేదు. పదయ్యేసరికి అరుపులు మొదలవుతాయి, తల గోడకేసి కొట్టుకుంటాడు. గాలి సోకిందంటుంది నాయనమ్మ. గోదావరి స్నానాలయ్యాయి, తాయెత్తులయ్యాయి. తల్లి కళ్లు తుడుచుకుంటూ, "మొండోడు మేడం, ఎంత చెప్పినా ఇనడు" అంటుంది.

అక్కడ నువ్వేం చేస్తావు? వాణ్ణి తిట్టవు, ఆమెను తప్పుపట్టవు. ముందు ఆ గోడకు ఒక బొంత అడ్డం కట్టిస్తావు. వాడు రాత్రి నిద్రపోయాడా, చెవిపోటో పంటిపోటో ఏమైనా ఉందా అని అడుగుతావు. తరువాత నోటుబుక్కులో మూడు గళ్లు గీస్తావు. ముందు ఏమైంది, ఏం చేశాడు, ఆ తరువాత ఏమైంది. వారం రోజులు రాసిపెట్టమంటావు. తల్లికి రాయరాదు కాబట్టి పెద్దపిల్ల రాస్తుంది.

వారం తిరిగేసరికి ఆ వంకర అక్షరాల్లోనే సంగతి బయటపడుతుంది. అరిచిన ప్రతిసారీ, మనిషి ఎక్కడ లేస్తాడోనని తల్లి ఫోను వాడి చేతిలో పెట్టింది. వాడు మొండివాడు కాదు. ఫోను కావాలని అడగడానికి వాడికి తెలిసింది అరుపొక్కటే. ఆమె మాత్రం ఏం చేస్తుంది? రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషిని కాసేపు నిద్రపోనిద్దామనుకుంది. ఇక నువ్వు ఒక బొమ్మకార్డు చేసి, అరవకుండా ఆ కార్డు అందిస్తే అడిగింది ఇవ్వడం నేర్పిస్తావు. అరిస్తే ఇవ్వకపోవడం కూడా. "తగ్గే ముందు ఒకసారి ఎక్కువైతది, భయపడకమ్మా" అని ముందే చెప్పిపెడతావు. అన్నట్టే ఎక్కువవుతుంది. ముందే చెప్పావు కాబట్టి ఆ తల్లి తట్టుకుంటుంది.

ఈ చూపు మనకు ఊరికే రాలేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ నుంచి 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ టీచర్ల కోసం ఒక పుస్తకం రాశారు. పిల్లవాడి ప్రవర్తనకు ముందూ వెనకా చూడమని మన దేశపు టీచర్లకు అందులో ఓపికగా నేర్పారు. అసలు 1995 నాటి వికలాంగుల చట్టం జాబితాలో ఆటిజం లేనే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా చేరింది. సర్కారుకే అన్నేళ్లు పట్టింది. నువ్వేమో మూడు నెలల్లో కార్డు అలవాటు కాలేదని దిగులుపడుతున్నావు!

సరే, ఇప్పుడు ఒకటి అడగనా?

పిల్లాడి కోసం మూడు గళ్లు గీసే నువ్వు, నీ కోసం ఎన్ని గీసుకుంటావు? నాకు తెలిసి ఒక్కటే. నడిమి గడి. "ఇవాళ ఇంటికి పోయి నా బిడ్డనే కసురుకున్నాను." అంతే రాసుకుంటావు, రాత్రంతా దాన్నే చదువుకుంటావు.

ముందు ఏమైంది, చెల్లీ? మధ్యాహ్నం డబ్బా మూత తియ్యలేదు. బస్సు కోసం ఎండలో నిలబడ్డావు. యాప్‌లో హాజరు ఎక్కలేదు. ఒక తండ్రి నీ మొహం మీదే, "మీరొచ్చి ఏం ఫాయిదా?" అన్నాడు. ఈ నెల జీతం ఇంకా పడలేదు.

ఆ మొదటి గడి నువ్వు రాయకపోయినా పరలోకంలో ఉన్న మన తండ్రి చదివే ఉన్నాడు. ఆయనకు ఏ రిపోర్టూ పంపనక్కర్లేదు.

ఏలీయా సంగతి గుర్తుందా? కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ప్రవక్త. ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపు వినగానే ప్రాణభయంతో పరుగెత్తాడు. అరణ్యంలో ఒక బదరీ చెట్టు కింద కూలబడి, ఇక బతకలేనన్నాడు. అంతటి భక్తుడు అలాంటి మాట అనవచ్చా అని మనమైతే పాఠం చెప్పి ఉండేవాళ్లం. దేవుడు చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు, తల దగ్గరే. తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. అప్పుడైనా కసిరాడా? లేదు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ముందున్న నడక నీ శక్తికి మించిందని ఆ దూతే ఒప్పుకున్నాడు. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు ఆయన్ని అడగడం ఆ తరువాతి మాట. నలభై రోజులు నడిచి హోరేబు చేరాక.

అక్కడ ఏలీయా, నేనొక్కణ్ణే మిగిలానన్నాడు. నువ్వూ ఆ మాటే అంటుంటావు కదూ, ఈ మండలం మొత్తానికి నేనొక్కదాన్నేనని? ఆ మొరకు దేవుడు చేసిన పనుల్లో ఒకటి, ఏలీయాకు ఎలీషా అనే తోడును చూపించడం.

నీకు ఆ తోడు ఎవరు? శిక్షణలో నీ పక్కన కూర్చున్న అమ్మాయి ఒకామె ఉండాలే, పక్క మండలంలో ఇదే పని చేసే ఆమె. చివరిసారి ఎప్పుడు మాట్లాడావు ఆమెతో?

రా, ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం.

తండ్రీ, నా కసురును చూసినట్టే నా ఆకలినీ చూశావు. రేపు రెండో ఇంటికి వెళ్లేలోపు, ఆగి అన్నం తింటాను. ఆ ఇంటి తల్లి చాయ్ ఇస్తే, వద్దమ్మా అని లేచి రాకుండా కూర్చుని తాగుతాను. సాయంత్రం బస్సు దిగాక పక్క మండలం ఆమెకు ఫోన్ చేసి, కరిచే పిల్లాడితో ఆమె ఎలా నెట్టుకొస్తోందో అడుగుతాను. ఆమెకు కూడా జీతం పడిందో లేదో కనుక్కుంటాను. యేసు నామంలో అడుగుతున్నాను, ఆమేన్.