అరుదు, అందం, విలువ

మన కందిచేలల్లో ఎవరూ నిలిచి చూడని ఒక సీతాకోకచిలుకను చూడడానికి ఇంగ్లండులో కొందరు పనులు మానుకొని సముద్రతీరానికి ప్రయాణం కడతారు. ఫలానా చోట కనబడిందని తెలిస్తే చాలు, మర్నాడు కెమేరాలు పట్టుకొని ఆ పొదలచుట్టూ మూగుతారు. అదే జీవి ఇక్కడ పురుగుదశలో వుండగా మనం మందు చల్లి చంపుతాం. జీవి ఒకటే, రెక్కల రంగు ఒకటే. మరి అక్కడి పరవశానికీ ఇక్కడి ఉదాసీనతకూ కారణం ఆ జీవిలో వుందా, చూసేవాడిలో వుందా, లేక ఇద్దరికీ వెలుపల ఇంకెక్కడైనా వుందా? అందం వస్తుగతమా, ఆత్మగతమా అని మనం చాలాకాలంగా వాదించుకుంటున్నాం. ఆ వాదంలో ఈ చిన్న జీవి చెప్పవలసిన సాక్ష్యం కొంత వుంది.

దీని ఇంగ్లీషు పేరు లాంగ్ టెయిల్డ్ బ్లూ. మన దేశపు పుస్తకాల్లో పీ బ్లూ అంటారు. శాస్త్రీయ నామం లాంపిడెస్ బొయెటికస్. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం దీన్ని తోకనీలి అందాం. రెక్కలు చాపితే అంగుళంన్నర లోపే వుంటుంది. మగదాని రెక్కల పైభాగం ఊదా కలిసిన నీలం. రెక్కలు మూస్తే గోధుమరంగు మీద అలలు అలలుగా తెల్లని గీతలు, అంచుకు దగ్గరగా కాస్త వెడల్పయిన తెల్లపట్టీ కనబడతాయి. వెనుకరెక్కల చివర సన్నని తోకలు, వాటి పక్కనే నల్లని చుక్కలు. తోకలు మీసాలనీ చుక్కలు కళ్ళనీ భ్రమపడి పిట్ట ఆ వైపు పొడిస్తే రెక్క అంచు పోయి ప్రాణం దక్కుతుంది. దక్షిణ ఐరోపా, ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా ఖండాల్లో ఇది విస్తారంగా వుంది. ఆడది చిక్కుడుజాతి మొక్కల మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. పురుగు పువ్వులు తిని, కాయలోకి తొలుచుకుపోయి గింజలు తింటుంది. కంది, బొబ్బర్లు, చిక్కుడు, బఠాణీ, జనుము, అన్నీ దాని ఆహారమే. ఇంగ్లండు చలికాలాన్ని మాత్రం తట్టుకోలేదు. అందుచేత అక్కడ దానికి స్థిరనివాసం లేదు. వేసవి చివర గాలి అనుకూలిస్తే ఫ్రాన్సు వైపు నుంచి సముద్రం దాటి వస్తుంది.

దక్షిణ ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు తాను తీసిన తోకనీలి ఫొటో పంపాడు. మూడు ఆదివారాలు సముద్రపుగట్టు మీద కాచుకొని కూర్చుంటే, మూడో ఆదివారం ఎండ కాసిన పది నిమిషాలలో అది రెక్కలు విప్పిందట. ఫొటో నిజంగా అందంగా వుంది. సౌందర్యం మీద పాఠం చెబుతూ దాన్ని తరగతిలో చూపించాను. వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "ఇది మా కందిచేలో వుండేదే సార్. కాయ తొలుస్తుంది. మా నాన్న మందు కొడతాడు" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. "అందంగా లేదా మరి?" అని అడిగాను. "ఎప్పుడూ చూడలేదు సార్" అన్నాడు. చేలో వున్నదని చెప్పినవాడే చూడలేదని చెప్పాడు. ఆ రెండు మాటల్లో ఒకటీ అబద్ధం కాదు.

ముందుగా ఇంగ్లండు సంగతి చూద్దాం. తోకనీలి అక్కడ కనబడినట్లు మొదటిసారి నమోదైంది 1859 లో, బ్రైటన్ సమీపంలో. డార్విన్ జీవజాతుల పుట్టుకను గురించిన గ్రంథం వెలువడింది ఆ ఏడాదే. లండనులో తలదాచుకున్న మార్క్స్ రాజకీయ అర్థశాస్త్ర విమర్శకు తొలిమెట్టుగా రాసిన పుస్తకం బెర్లిన్‌లో వెలువడిందీ ఆ ఏడాదే. ఆ పుస్తకం సరుకు గురించిన విచారణతో మొదలవుతుంది. ఇది కేవలం కాకతాళీయమే. కాని ఆనాటి ఇంగ్లండులో సీతాకోకచిలుక సరుకయిందన్నది కాకతాళీయం కాదు. సేకర్తలు వల పట్టి, చంపి, గుండుసూదికి గుచ్చి, పెట్టెల్లో దాచేవారు. ఇంగ్లండు గడ్డమీద పట్టిన అరుదైన వలసజీవికి మంచి ధర పలికేది. సముద్రం అవతల పట్టిన అదే జాతికి అందులో చిన్న భాగం కూడా వచ్చేది కాదు. అందుచేత కొందరు వ్యాపారులు అవతలనుంచి తెప్పించినవాటిని ఇక్కడ పట్టినవని చెప్పి అమ్మేవారు. కొన్నవాడికి తేడా తెలిసేది కాదు. తెలియడానికి రెక్కల్లో తేడా వుంటే గదా! అతడు డబ్బిచ్చి కొన్నది రెక్కలను కాదు, ఒక సరిహద్దును.

అరుదువల్ల పెరిగేది ధర, విలువ కాదని అర్థశాస్త్ర విద్యార్థి ఆక్షేపించవచ్చు. నిజమే. విలువకు మూలం శ్రమ అని చెప్పిన రికార్డో 1817 నాటి గ్రంథంలోనే, అరుదైన విగ్రహాలనూ చిత్రాలనూ నాణేలనూ ఆ సూత్రం నుంచి మినహాయించాడు. వాటి విలువను నిర్ణయించేది వాటి కొరత మాత్రమే అన్నాడు. కాని మన ప్రశ్న అంగడిని గురించింది కాదు, అంగడి మన కంటికి చేసిన శిక్షణను గురించింది. కొరతను బట్టి ధర కట్టడం అలవాటైన మనస్సు, ధర ప్రసక్తి లేనిచోట కూడా కొరతను బట్టే పరవశిస్తుంది.

ఇప్పుడు వల పోయి కెమేరా వచ్చింది. ఇది నిజమైన అభివృద్ధి. జీవి చావడం లేదు. పైగా తేదీ, స్థలం తెలిపే ఫొటో శాస్త్రానికి ఆధారమవుతుంది. 2013 వేసవిలో తోకనీలి ఇంగ్లండు దక్షిణ తీరానికి ఎన్నడూ లేనంత సంఖ్యలో వచ్చి, బఠాణీజాతి తీగల మీద గుడ్లు పెట్టి, అక్కడే మరో తరాన్ని కన్నది. ఈ సంగతి మనకు తెలిసింది చాలావరకు ఇలా గట్లమీద కాచుకున్న సామాన్య పరిశీలకుల వల్లనే. 2015 లోనూ 2019 లోనూ అది మళ్ళీ వచ్చింది. భూగోళం వేడెక్కుతున్నకొద్దీ ఇంకా తరచుగా రావచ్చు. అప్పుడు అరుదుతనం తగ్గిపోతుంది. దానితోపాటు పరవశం కూడా తగ్గిపోతే, ఇంతకాలం ఆ గట్టుమీద చూసింది సీతాకోకచిలుకను కాదని ఒప్పుకోవలసివస్తుంది. కెమేరా సాక్షి కావచ్చు, కొత్తరకం గుండుసూది కావచ్చు. ఏది అయిందీ తెలిసేది ఫొటో తీసిన తర్వాతనే: "నాకు దొరికింది" అని వెళ్ళిపోయాడా, ఆ జీవి ఎలా బ్రతుకుతుందో తెలుసుకోవడానికి నిలిచాడా?

ఇంకొక సాక్ష్యం. అదే సముద్రాన్ని క్యాబేజీ తినే తెల్ల సీతాకోకచిలుక కూడా దాటి వస్తుంది, ఒకటీ రెండూ కాదు, గుంపులుగా. అదీ వలసజీవే. చిన్న రెక్కలతో అదీ అంత దూరమూ ఎగిరే వస్తుంది. దానికోసం ఎవరూ కెమేరాతో కాచుకోరు. తోటవాడు మందుతో కాచుకుంటాడు. ఒంటరిగా వచ్చిన వలసజీవి అతిథి. గుంపుగా వచ్చింది పీడ.

ఈ మాట సీతాకోకచిలుకల దగ్గర ఆగదు. తోకనీలి దాటివచ్చే జలసంధి అతి సన్నని చోట సుమారు 33 కిలోమీటర్లు. 2021 నవంబరు 24న అదే జలసంధిలో గాలిపడవ మునిగి కనీసం 27 మంది వలసమనుషులు చనిపోయారు. ఆ తీరవాసులు పురుగుకు దయ చూపి మనిషికి చూపలేదని తేలికగా నిందించడం నా ఉద్దేశం కాదు. సీతాకోకచిలుకను ప్రేమించినవాడే మనిషికి దుప్పటి కప్పి వుండవచ్చు. నేననేది మన అందరి కంటి అలవాటు గురించి. మన దగ్గరే చూడండి. 2020 వేసవిలో ఎండలో వందల మైళ్ళు నడిచిన వలసకూలీల ఫొటోలు చూసి దేశమంతా కంటతడి పెట్టింది. కాని పాలమూరు జిల్లానుంచి పిల్లాజెల్లాతో కూలికి వెళ్ళిన జనాన్ని అంతకుముందు దశాబ్దాల తరబడి ఎంతమంది చూశారు? అది మామూలు గనుక కనబడలేదు. నడక అరుదు గనుక కనబడింది. అరుదైనదాన్నే చూడడం నేర్చిన కన్ను మామూలు దుఃఖాన్ని చూడలేదు. ఈ ప్రశ్న కేవలం సౌందర్యశాస్త్ర ప్రశ్న కాదనడానికి నాకున్న కారణం ఇదే.

అయితే కందిరైతును నిలబెట్టి, "నీ చేలో అందం వుంది, చూడు" అని ఉపన్యసించాలా? ఆ హక్కు మనకు లేదు. 1844 నాటి రాతప్రతుల్లో మార్క్స్ ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాడు. చింతల్లో మునిగిన పేదవాడికి ఎంత గొప్ప నాటకమైనా రుచించదు. ఖనిజాల వ్యాపారికి ఖనిజంలో ధర తప్ప అందం కనబడదు. మన కథలో ఇద్దరూ వున్నారు. మందు అప్పుమీద తెచ్చిన రైతుకు ఆ రెక్కలు చూసే తీరిక లేదు. అరుదును వెతికే సేకర్తకు అరుదు తప్ప రెక్కలు కనబడవు. ఒకరిని లేమి గుడ్డివాణ్ణి చేసింది, ఇంకొకరిని స్వామ్యం గుడ్డివాణ్ణి చేసింది. ఇద్దరి తప్పూ సమానమని మాత్రం నేననను. రైతు చూపును అడ్డగించింది బ్రతుకు. దాన్ని తొలగించేవి పంటకు గిట్టుబాటు ధర, అప్పునుంచి విముక్తి, పురుగును అదుపులో పెట్టే మేలైన పద్ధతులు. పద్యాలు తొలగించలేవు.

ఇంతవరకూ అంగీకరించే మిత్రులు కొందరు మరో అడుగు వేసి, అలాగయితే ఆకలి తీరేదాకా సీతాకోకచిలుకల ఊసెందుకు, ఇది పలాయనవాదం కాదా అంటారు. నేనొప్పుకోను. ఆకలిగొన్నవాడికి అందం అక్కరలేదని అనడమంటే అందాన్ని తీరిక వున్న వర్గానికి శాశ్వతంగా రాసి ఇవ్వడమే. పలాయనం జరిగేది చూడడంలో కాదు, చూసి అక్కడితో ఆగిపోవడంలో. ఆ గట్టుమీద ఎండకోసం కాచుకున్న మూడు ఆదివారాలు నిజంగా మనిషికి తగిన కాలం. మన పోరాటం ఆ ఆదివారాన్ని రద్దు చేయడానికి కాదు. అది కందిరైతుకు కూడా దక్కడానికి.

అందం జీవిలో లేదని అనలేము. ఆ గీతలూ ఆ నీలమూ ఎవరు చూసినా చూడకపోయినా వున్నాయి. అరుదుతనం మాత్రం జీవిలో లేదు. అది జీవికీ సరిహద్దుకూ, మన జాబితాకూ మధ్యనున్న సంబంధం. సంబంధాన్ని వస్తుగుణంగా పొరబడడమే మనం మొదట వదిలించుకోవలసిన భ్రాంతి.

ఆ కుర్రవాడు వారం తర్వాత కనబడినప్పుడు, "మళ్ళీ చేనికి వెళ్ళావా?" అని అడిగాను. "వెళ్ళాను సార్, చూశాను. బాగుంది. కాయలు కూడా చూశాను, తొలిచింది" అన్నాడు. రెండు వాక్యాలనూ ఒకే గొంతుతో అన్నాడు. ఆ రెంటిలో ఒకదాన్ని కొట్టివేసి రెండోదాన్ని నిలిపే సిద్ధాంతం ఏదైనా నాకు అనుమానాస్పదమే.