గంట మ్రోగని తిండి

తిరుమల ఆనందనిలయమున వేంచేసియున్న శ్రీనివాసునకు వేళగాని వేళ నైవేద్యము జరుగదు. మొదటి గంట, రెండవ గంట, రాత్రి గంట అని దినమునకు మూడు పర్యాయములు నివేదన జరుగును. అప్పుడు తిరుమామణి మండపమున గంటలు మ్రోగును. స్వామి ఆరగించుచున్నాడని ఆ నాదమువలన భక్తులు గ్రహింతురు. సకల లోకములకు అన్నము పెట్టువానికి ఆకలి యెక్కడిది? ఐనను ఆయన ఆరగింపునకు వేళ యున్నది, కొలత యున్నది, గడప యున్నది.

వేళను గంట తెలుపును. కొలతను శాసనములు తెలుపును. ఆలయకుడ్యములమీది శాసనములలో, దాతలు నైవేద్యమునకై ధర్మము నెలకొల్పునపుడు ఇంత బియ్యము, ఇంత నేయి, ఇంత పప్పు, ఇంత పెరుగు అని లెక్కగట్టి రాతిపై చెక్కించిరి. నివేదనానంతరము ప్రసాదములో దాతకు చెందవలసిన నాల్గవ వంతు సైతము అందు పేర్కొనబడినది. ఇక గడప యన కులశేఖరపడి. లడ్డువములు, వడలు, చిత్రాన్నములు ఎన్ని సిద్ధమైనను, ఆ పడిని దాటి స్వామి సన్నిధికి పోవునది మట్టి ఓటిలోని పెరుగన్నము మాత్రమే.

ఇంతటి నియమము గల స్వామిని కొలుచు గృహస్థుని యింట భోజనము ఎట్లున్నది? పొద్దున ఫలాహారము, మధ్యాహ్నము, రాత్రి అన్నము. అడిగినవారికి ఎవరైనను చెప్పు లెక్క ఇదియే. కాని ఆ మూడు పూటల నడుమ జరుగు తిండికి లెక్క లేదు. ఇల్లాలు డబ్బా మూత తీసి పిల్లవానికి జంతికలిచ్చి, తానొకటి నోట వేసికొనును. పిల్లలు విడిచిన ముద్ద పారవేయ మనసొప్పక నిలుచుండియే తినును. ఉద్యోగి బల్లసొరుగులో వేరుసెనగల పొట్లముండును. రాత్రి భోజనమైన పిమ్మట టెలివిజను ముందో, చేతిలోని ఫోను చూచుచునో ఒక పళ్లెము ఖాళీ యగును. ఖాళీయైన సంగతి చేయి అడుగును తాకినప్పుడుగాని తెలియదు. ఆకలి పిలువలేదు, వేళ పిలువలేదు, స్వామికి చూపలేదు. ఇదియే గంట మ్రోగని తిండి.

దీనిని పూర్వులు ఎరుగకపోలేదు. తిన్నది జీర్ణము కాకమునుపే మరల తినుటకు ఆయుర్వేదమున అధ్యశనమని పేరు. పథ్యమును అపథ్యమును కలిపి తినుట సమశనము. వేళ తప్పి, ఎక్కువగానో తక్కువగానో తినుట విషమాశనము. ఈ మూడును వ్యాధిహేతువులని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున హెచ్చరించెను. కడుపును నాలుగు భాగములుగా భావించి, రెండు భాగములు అన్నముతోను, ఒక భాగము ద్రవముతోను నింపి, నాల్గవదానిని వాయుసంచారమునకు విడువవలెననియు ఆయన చెప్పెను. చరకసంహిత విమానస్థానము ఆహారపు కొలతను రెండు విధములుగా చూడుమన్నది. తిన్నది మొత్తము ఎంత అనునది ఒకటి, అందులో ఒక్కొక్క పదార్థము ఎంత అనునది రెండవది. చిరుతిండి ఈ రెండు కొలతలకును అందకుండ జారిపోవును. అందుకే అది ప్రమాదకరము.

ఆధునిక పరిశోధకులును ఈ మార్గముననే నడచుచున్నారు. వారు ఇట్టి తిండికి పశువుల మేత అను అర్థము గల మాటను వాడుదురు. తెలుగిండ్లలో "ఎప్పుడు చూచినను మేయుచునే యుండును" అను మాట వాడుకలో ఉన్నదే! అనుకొనకుండ, కొంచెము కొంచెముగా, మాటిమాటికి తినుటను కొలుచుటకు 2013లో ఆస్ట్రేలియాలో ఒక ప్రశ్నావళి వెలువడినది. ఊరక అలవాటుగా తినుట వేరు, మానవలెనని యున్నను చేయి ఆగకపోవుట వేరు అని వారు విభజించిరి. అంతకు పూర్వమే 1986లో హాలెండు దేశీయులు రచించిన ప్రశ్నావళి, మనసులోని కలత చేత తినుట, కంటికి కనబడుటచేత తినుట, కడుపు మాడ్చుకొనుట అను మూడింటిని వేరువేరుగా కొలిచినది. ఎంత తిన్నాడని మాత్రమే కాక, ఎందుకు తిన్నాడని అడుగుట ఈ కొలతల సారము.

ఆ "ఎందుకు" అను ప్రశ్నయే వైష్ణవశాస్త్రమునకును ముఖ్యము. అతిగా తినువానికి, బొత్తిగా తిననివానికి కూడ యోగము సిద్ధింపదని భగవద్గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణుడు ఉపదేశించెను. శ్రీభాష్యమున భగవద్రామానుజులు భక్తికి సాధనములుగా చెప్పిన ఏడింటిలో మొదటిది వివేకము, అనగా శుద్ధాహారముచేత దేహమును శుద్ధముగా నుంచుకొనుట. రెండవది విమోకము, అనగా కోరికల పట్టునుండి విడివడుట. ఈ వరుస గమనింపదగినది. పదార్థము శుద్ధమైనంత మాత్రాన చాలదు, దానిపై పట్టు కూడ విడువవలెను. ఇంట మడితో చేసిన చక్కిలమైనను చేయి తనంతట తానే పదిమార్లు డబ్బాలోనికి పోయినచో వివేకముండియు విమోకము లేనట్లే.

అట్లని పట్టు విడుచుటకు కడుపు మాడ్చుట మార్గము కాదు. శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన గురువులను వర్ణించుచు, గాలమునకు చిక్కిన చేపనుండి నేర్చిన పాఠమును చెప్పెను. నిరాహారముచేత తక్కిన ఇంద్రియములు లొంగును గాని, నాలుక మాత్రము మరింత చెలరేగునట. నాలుకను జయించువరకు ఎవడును జితేంద్రియుడు కాడట. దినమంతయు పస్తుండి రాత్రి వంటింటిలో దీపము వెలిగించువారికి ఈ మాటలోని సత్యము బాగుగా తెలియును. అందరకు వడ్డించి, తనకు మిగిలినది చాలుననుకొను ఇల్లాలు మధ్యాహ్నము నాలుగు గంటలకు డబ్బాలు వెదకుటలో ఆమె దోషమేమున్నది? ఆమెకు కావలసినది మందలింపు కాదు. వేళకు ఆమెను కూర్చుండబెట్టి నిండుగా వడ్డించు కుటుంబము కావలెను.

కావున కొలత ఇంటినుండియే ఆరంభింపవలెను. ఏడు దినములు ఒక చిన్న పుస్తకమున, భోజనవేళలు కాక నోట పడిన ప్రతిదానిని వ్రాయవలెను. తిన్న వేళ, తిన్న పదార్థము, తినుటకు కారణము, ముందుగా అనుకొన్నదా లేదా అను నాలుగు సంగతులు చాలును. తూకము అవసరము లేదు. ఆకలియా, ఊసుపోకయా, దుఃఖమా, ఇరుగుపొరుగువారి బలవంతమా అని కారణము నిజాయితీతో వ్రాసినచో, ఏడవనాటికి మూలము తనంతట తానే బయటపడును. చివర ఒక ప్రశ్న చేర్చవలెను. ఇది గోవిందునకు చూపి తిన్నదేనా? ఏది తిన్నను తనకు అర్పింపుమని గీత తొమ్మిదవ అధ్యాయమున ఆయనయే కోరెను. అర్పించుటకు ఒక క్షణము ఆగవలెను. ఆ ఆగుటయే ఇంటిలోని గంట. ఆ క్షణమాత్రమున చాలమార్లు చేయి వెనుకకు వచ్చును. రానినాడు తిన్నది ప్రసాదమగును. రెండు విధములను లాభమే.

ఈ లెక్క పరులను తప్పుపట్టుటకు కాదు. కోడలి పుస్తకము అత్తగారు చదువరాదు. భర్త పుస్తకము చూచి భార్య నవ్వరాదు. మానవలెనని ఏడ్చియు మానలేనివారు, చాటుగా తిని కుమిలిపోవువారు పాపులు కారు, వారికి వైద్యుని సాయము కావలెను. మధుమేహముగలవారు, గర్భిణులు, పసివారు, వృద్ధులు వైద్యుడు చెప్పిన వేళలనే గంటగా భావింపవలెను. వారి విషయమున నడుమ తినుటయే నియమము కావచ్చును.

ఏకాదశినాడు అన్నము మాని, ఉప్మా, వేపుడు, పండ్లు అనుచు ప్రొద్దుగ్రుంకువరకు నోరాడించుట కొన్ని యిండ్ల ఆచారమైనది. ఉపవాసమనగా స్వామి సమీపమున వసించుట. ఆనాటి పుస్తకము తక్కిన దినములకంటె పెద్దదైనచో ఎవరి సమీపమున వసించినట్లు?

నియమమనగా ఆనందమును కాదనుట కాదు. గోదాదేవి తిరుప్పావై రెండవ పాశురమున గోపికలు నోముకొరకు నేతిని, పాలను విడిచిరి. ఇరువదియేడవ పాశురమున వారే మోచేతివరకు నేయి కారునట్టి పాలన్నమును స్వామితో కూడియుండి ఆరగించుటకు కోరిరి. విడిచిన నేయే తిరిగి వచ్చినది. కాని ఒంటరిగా, చాటుగా, నిలుచుండి తిన్నది కాదు. వేళకు, అందరితో, ఆయన ఎదుట తిన్నది. నియమము లేనివానికి పండుగ కూడ మరియొక చిరుతిండియే. నియమముగలవానికి పెరుగన్నమే పండుగ.

శ్రీవేదాంతదేశికులు తిరుమల ఘంట యొక్క అవతారమని సంప్రదాయము. ఏది తినదగును, ఏది తినరాదు అని బోధించుటకు ఆహారనియమమను ప్రబంధమును రచించినది ఆ మహనీయుడే. ఆ ఘంటానాదము కొండమీదనే నిలిచిపోక ప్రతి గృహమున వంటింటి గడపవరకు వినబడు గాక! స్వామికి చూపని ముద్ద నోటికి చేరకుండు గాక! ఆకలిగొన్నవారికందరకు వేళకు నిండుగా అన్నము లభించు గాక!