సంకల్పం లేని దానం దానమేనా?



సంక్రాంతి అంటేనే దానాల పండుగ. నువ్వులు, బెల్లం, కొత్త బియ్యం, గుమ్మడికాయ, ఎవరి శక్తి కొద్దీ వారు ఇస్తాం. ఇంగ్లండు చలికి ముగ్గు గుమ్మం లోపలికి వచ్చింది, భోగిమంట పెరట్లో చిన్న కుంపటికి తగ్గింది. దానం మాత్రం మనం మానలేదు.

కిందటి పండుగకు గుడి హాల్లో పిల్లలు బొమ్మల కొలువు సర్దుతుండగా, బయాలజీ చదువుతున్న ఒక అమ్మాయి తన అమ్మమ్మను అడిగింది: "అమ్మమ్మా, గుమ్మడికాయ దానం ఇస్తావు కదా, కిడ్నీ ఎందుకు ఇవ్వకూడదు?" ఆవిడ "పండగపూట ఏం మాటలే అవి!" అని కసిరారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. మన సభ్యుల్లో ఒకాయన ఆ రోజు కూడా డయాలసిస్ ముగించుకొని, హారతి అయిపోయాక వచ్చారు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు ఆయన యంత్రం పక్కనే ఉండాలి.

ఇవ్వాలా వద్దా అనుకునే ముందు, మన దగ్గర ఉన్నదేమిటో తెలుసుకోవాలి. మూత్రపిండం పిడికిలంత ఉంటుంది. ఒక్కోదానిలో సుమారు 10 లక్షల సన్నని వడపోత గొట్టాలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడకట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తానికే ఇచ్చేసి, లీటరో ఒకటిన్నర లీటరో మాత్రం బయటకు పంపుతాయి. ఆరోగ్యవంతుడికి ఒక్కటి ఉన్నా బతుకు సాగుతుంది. కాలేయంలో కొంత భాగం తీసి ఇస్తే మిగిలింది మళ్ళీ పెరుగుతుంది. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటూ నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని నడిపిస్తుంది. అందులో తన పోషణకు ఉంచుకునేది ఇరవయ్యో వంతు మాత్రమే. కంటి ముందు అద్దంలా ఉండే కార్నియాలో రక్తనాళాలే ఉండవు. తనకు కావలసిన ప్రాణవాయువును చాలావరకు గాలి నుండే తీసుకుంటుంది. ఒళ్ళంతా ఇలా ఒకదాని కోసం ఒకటి పనిచేసే ఏర్పాటే.

మరి మనకు అడ్డమేమిటి? ఇళ్ళల్లో వినపడేవి మూడు మాటలు.

మొదటిది, "ఒళ్ళు వెచ్చగా ఉంది, గుండె కొట్టుకుంటోంది, చనిపోయారంటే ఎలా నమ్మడం?" ఇది న్యాయమైన భయమే. గుండెకు తన లయను తానే పుట్టించుకునే కణాల గుంపు కుడివైపు పై గదిలో ఉంది. ఊపిరికి అలా లేదు. దానికి ఆజ్ఞ మెదడు కాండం నుండి రావాలి. మెదడు కాండం పూర్తిగా చచ్చిపోయిన మనిషి ఇక తనంత తాను ఊపిరి తీయలేడు, మేలుకోలేడు. వెంటిలేటర్ గాలిని నెడుతున్నంతసేపూ గుండె కొంతకాలం కొట్టుకుంటుంది, అంతే. ఈ దేశంలో ఆ నిర్ధారణను ఇద్దరు డాక్టర్లు రెండుసార్లు పరీక్షించి చేస్తారు. అవయవాలు అమర్చే బృందానికి అందులో పాత్ర ఉండదు.

రెండవది, "కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళమవుతాం." దేహం వేరు, దేహి వేరు అని చిన్నప్పటి నుండి వింటున్న మనం, చితిలో కాలిపోయే కన్ను తర్వాతి జన్మకు తోడొస్తుందని ఎలా అనుకుంటాం?

మూడవది, అంత్యక్రియలు. అవయవాలు తీసుకున్నాక దేహాన్ని గౌరవంగా కుటుంబానికి అప్పగిస్తారు. కర్మకు లోటు రాదు.

అసలు ధర్మసందేహం మాత్రం మరొకటి ఉంది. ఇంగ్లండులో 2020 మే నెల నుండి చట్టం మారింది. వద్దని నమోదు చేసుకోని పెద్దవారు, కొన్ని మినహాయింపులు తప్ప, ఇవ్వడానికి ఒప్పుకున్నట్లే లెక్క. అంటే మన మౌనమే అంగీకారం. కానీ మన సంప్రదాయంలో గుమ్మడికాయ ఇవ్వాలన్నా పేరు, గోత్రం చెప్పి, సంకల్పం చేసి, నీళ్ళు వదిలి ఇస్తాం. దధీచి వెన్నెముక కావలసి వచ్చినప్పుడు దేవతలంతటివారు కూడా వెళ్ళి అడిగే తీసుకున్నారు. నోరు విప్పని మనిషి నుండి తీసుకున్నది దానమవుతుందా?

"పుచ్చుకున్నవాడికి ప్రాణం దక్కితే చాలదా, సంకల్పంతో పనేమిటి?" అని మాలో కొందరు వాదించారు. ప్రాణం దక్కినవాడికి తేడా లేదు, నిజమే. తేడా ఇంటివారికి. చట్టం ఎలా ఉన్నా, ఆ సమయంలో ఆసుపత్రివారు కుటుంబాన్ని అడుగుతారు. అర్ధరాత్రి, కళ్ళనీళ్ళ మధ్య, "నాన్నగారు ఏమనేవారో" అని పిల్లలు ఊహించుకోవాలి. మనం చేయని సంకల్పం వాళ్ళ నెత్తిన పడుతుంది. తోచక వద్దంటారు. మన ఆసియా కుటుంబాల్లో ఒప్పుకునేవారు ఇక్కడి మిగతావారికంటే తక్కువ. మధుమేహం, రక్తపోటు వల్ల కిడ్నీలు చెడిపోవడం మాత్రం మనలో ఎక్కువ. రక్తం గ్రూపు, కణజాలం కలిసే అవకాశం సాటి జాతివారితోనే ఎక్కువ కనుక, మనవాళ్ళ నిరీక్షణ మరీ పొడుగు. పైగా ఈ దేశంలో చనిపోయేవారిలో అవయవాలు ఇవ్వగల పరిస్థితిలో పోయేది నూటికి ఒకరే. ఆ ఒక్క అవకాశం మౌనంలో పోకూడదు.

అవునని చెప్పండని మేము ఎవరినీ బలవంతపెట్టడం లేదు. బలవంతం మీద ఇచ్చేదీ దానం కాదు. కాదనదలచినవారు కాదనే చెప్పవచ్చు, అది వారి హక్కు. ఏదో ఒకటి చెప్పమనే మా మనవి. నమోదు చేసుకునేటప్పుడు అన్నీ ఇస్తామనవచ్చు, కొన్నే ఇస్తామనవచ్చు. మన ఆచారాల గురించి ఇంటివారితో మాట్లాడమని కూడా అక్కడే తెలుపవచ్చు. పండుగకు అందరూ ఒకచోట చేరి అరిసెలు తింటున్నప్పుడు ఒక్క పది నిమిషాలు ఈ మాట ఎత్తండి. పితృదేవతలను తలచుకునే రోజున చావు మాట అశుభం కాదు.

ఆ అమ్మమ్మగారు దసరాకు మళ్ళీ కనిపించారు. "నా మనవరాలు ఊరుకోలేదండీ. కళ్ళిస్తానని రాయించేశాను. ఈ వయసులో, ఈ కళ్ళద్దాలతో పనికొస్తాయా అంటే, పనికి రావచ్చన్నారట. మిగతావాటి సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను" అన్నారు.

మాకు అది సంపూర్ణమైన సంకల్పంగానే తోచింది.