వాసన

మా తాతగారి ఇంటి వసారాలో, పుస్తకముల బీరువాకును గోడకును నడుమ నున్న సందులో, ఏటేట వేసవి వచ్చుసరికి ఒక కందిరీగ మట్టిగూడు కట్టుచుండెడిది. ఉసిరికాయంత గుండ్రముగా, చిన్న పిడత బోర్లించినట్లుండు ఆ గూటిని ఎవరును కదల్పరాదని ఇంటిలో కట్టడి. అందులకు కారణము భయము కాదు, బద్ధకమును కాదు, వేదాంతము. ఏకాదశినాటి సాయంకాలములందు తాతగారు భాగవతము చదివి నలుగురికి అర్థము చెప్పెడివారు. కందిరీగ ఒక పురుగును తెచ్చి గూటిలో మూసి, దానిచుట్టు ఝుమ్మని రొదచేయుచు తిరుగుననియు, లోపలి పురుగు ప్రాణభీతిచే అన్యచింత మాని ఆ కందిరీగనే ధ్యానించి ధ్యానించి తుదకు తానును కందిరీగయై వెలికివచ్చుననియు ఆయన చెప్పుచుండగా, వినువారి కన్నులు తమంత తామే బీరువా సందువైపు తిరిగెడివి.

నాకు తొమ్మిదవయేట, అందరును మధ్యాహ్నపు కునుకులో నుండగా, చీపురుపుల్లతో ఆ గూటిని పగులగొట్టితిని. సగము పురుగు, సగము కందిరీగ అయిన వింతజీవిని చూడవలెనని నా ఆశ. లోపల ఐదారు పచ్చని గొంగళిపురుగులు ఒకదానిమీద నొకటి ఇరుకుకొని యుండెను. అవి చచ్చినవి కావు. పుల్లతో తాకినప్పుడు ఒకదాని తోకకొస నెమ్మదిగా ముడుచుకొని మరల చాచుకొన్నది. మరియొకదాని ప్రక్కను, కాళ్లులేని, పాలిపోయిన పసుపువన్నె పురుగొకటి తల లోనికి దూర్చి కదలుచుండెను.

“తాతయ్యా, పురుగు కందిరీగ అవలేదు. దాన్నేదో తినేస్తోంది!”

తాతగారు లేచి వచ్చి, కండ్లజోడు సవరించుకొని, వంగి, చాలసేపు చూచిరి. “గూడెందుకు చెడగొట్టావురా?” అని మాత్రము అనిరి.

భ్రమరకీట న్యాయమని ప్రసిద్ధమైన ఈ దృష్టాంతము నిన్నమొన్నటిది కాదు. ద్వేషించిన శిశుపాలుడు సైతము హరియందే లీనుడగుట ఎట్లు పొసగునను ధర్మరాజు సంశయమునకు సమాధానముగా, భాగవత సప్తమస్కంధమున నారదుడు చూపినది ఈ పురుగునే. ఏకాదశస్కంధమున అవధూత తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనుచు చిట్టచివర చేర్చినదియు దీనినే. అయితే అచట గ్రంథకర్త ఒక చిన్న మాటను జారవిడిచెను: ఆ పురుగు తన పూర్వరూపమును విడువకయే కందిరీగతో సమానత్వము పొందినదట. శంకరుల పేర చెల్లుచున్న ఆత్మబోధమున జీవన్ముక్తునికి ఇదే ఉపమానము. కాని అచటి తాత్పర్యము ఇందుకు విపరీతము: జ్ఞాని పూర్వోపాధి గుణములను విడిచియే, పురుగు భ్రమరమైనట్లు, సచ్చిదానందరూపుడగును. ఒకరు విడువలేదనిరి, ఒకరు విడిచెననిరి. ఉపమానమొక్కటే, పురుగొక్కటే, సాక్ష్యములు రెండు. వ్యాఖ్యాతలు దీనిని సమన్వయింపలేకపోలేదు. సమన్వయింపలేనిది మన వ్యాఖ్యాతలకు ఏది కలదు? నాకు మాత్రము ఆ చీపురుపుల్లనాటినుండియు ఈ రెండు మాటల నడుమనే మనస్సు చిక్కుకొనియున్నది.

కందిరీగ సంగతి మొదట తేల్చివేయుదము. ఫ్రాన్సుదేశపు ప్రొవాన్సు సీమలో, ఎండిన గట్లమీద గొడుగు వేసికొని కూర్చుండి కీటకములను చూచుటయే జీవితముగా చేసికొన్న హెన్రీ ఫాబ్ర్ అను ఉపాధ్యాయుడు పందొమ్మిదవ శతాబ్దిలోనే దీనిని కనుగొని వ్రాసిపెట్టెను. వేటాడు కందిరీగ గొంగళిని చంపదు. దేహఖండమునకొకటి చొప్పున నున్న నాడీకేంద్రములను వెదకి వెదకి కొండిని దింపి, కదలికను మాత్రము హరించును. చచ్చిన మాంసము పిల్ల తినులోపల కుళ్లును, కదలునది కందిరీగ పెట్టిన గ్రుడ్డును నలిపివేయును. కావున బ్రతికియు కదలనిది కావలెను. మట్టిపిడత కట్టు జాతులలో గ్రుడ్డును గూటి పైకప్పునుండి సన్నని పోగుతో వ్రేలాడదీయు నేర్పును గూడ ఫాబ్ర్ వర్ణించెను. పురుగునకు ఉపదేశించు మంత్రమని మనము భావించిన ఆ ఝుంకారము, మట్టిని అదిమి అతుకుటకై కందిరీగ తన దేహమును అదరించునప్పుడు పుట్టు ధ్వని.

ఇట్టిదానినే చూచి ఇంగ్లండులో డార్విన్ కలతపడెను. గొంగళుల సజీవదేహములలో మేయునట్టి కందిరీగజాతులను దయామయుడైన ఈశ్వరుడు బుద్ధిపూర్వకముగా సృజించెనని నమ్మజాలకున్నానని 1860 మే నెలలో ఏసా గ్రే యను అమెరికా వృక్షశాస్త్రజ్ఞునికి ఆయన వ్రాసెను. అదే దృశ్యమును చూచిన మనవారు జీవబ్రహ్మైక్యమును దర్శించిరి. ఈ భేదమును గూర్చి గర్వపడువారు కలరు, నేను పడజాలను. డార్విన్ పురుగువైపున నిలిచి చూచెను, మనము కందిరీగవైపున నిలిచితిమి. ముక్తిని పొందినదని మనము శతాబ్దములుగా చెప్పుకొన్న ఆ జీవి అభిప్రాయమును ఎవరును అడుగలేదు.

అయినను దృష్టాంతము చెడినంత మాత్రమున ప్రశ్న చెడదు. ఒకటి మరియొకటిగా మారునప్పుడు మునుపటిది ఏమైనను మిగులునా అను ప్రశ్నకు అసలైన పురుగు వేరొకటి కలదు: సీతాకోకచిలుకయో చిమ్మటయో కాబోవు గొంగళి. గూటిదశలో అది కరగి ద్రవమగునని చెప్పుట అతిశయోక్తియే గాని, జరుగు విధ్వంసము తక్కువది కాదు. ఆకులు నమలు కండరములు, ప్రాకుటకు పనికివచ్చిన పొట్టకాళ్లు, వానిని నడిపిన నాడులు పెక్కులు, కణము వెంట కణముగా తమంత తామే మరణించును. రెక్కల మొలకలు మాత్రము గొంగళి దేహములోనే చిన్న కణపుమడతలుగా ముందునుండియు దాగియుండి, ఆ శిథిలములను ఆహారముగా గొని పెరుగును. ఈ ప్రళయమునకు ఆజ్ఞ యిచ్చు రసాయనమును ఎక్డైసోన్ అందురు. 1954లో జర్మనీయందు బూటెనాంట్, కార్ల్‌సన్ అనువారు 500 కిలోల పట్టుపురుగుల గూటిదశలను నూరి, వడగట్టి, తుదకు 25 మిల్లీగ్రాముల స్ఫటికములుగా దానిని చేపట్టిరి. బండెడు జీవరాశినుండి చిటికెడైనను కాని పొడి!

ఇక 2008లో వాషింగ్టన్ నగరపు జార్జిటౌన్ విశ్వవిద్యాలయమున బ్లాకిస్టన్, కేసీ, వైస్ అను మువ్వురు చేసిన ప్రయోగము. వారు తీసికొన్నది అమెరికాలో పొగాకును తిను మాండూకా అను పెద్దచిమ్మట గొంగళి. మన గుంటూరు రైతుల నేడిపించు లద్దెపురుగు వేరు, ఇది వేరు. గోళ్లరంగు తుడుచు ద్రవమునందు ఘాటుగా తగులు ఈథైల్ ఎసిటేట్ వాసనను గొంగళులకు చూపుచు, వెంటనే స్వల్పముగా విద్యుదాఘాత మిచ్చిరి. కొన్ని మారులకు ఆ వాసన సోకగానే తప్పుకొనుట అవి నేర్చినవి. తరువాత గూడు, విధ్వంసము, పునర్నిర్మాణము. కొన్ని వారములకు రెక్కలతో చిమ్మటలు బయటకు వచ్చినవి. రెండుపాయల గొట్టములో ఒకవైపు ఆ వాసన, మరియొకవైపు శుద్ధమైన గాలి పెట్టి చూచినప్పుడు, వానిలో అధికభాగము వాసన లేని దారినే పట్టెను. పూర్వదేహపు చర్మమున ఆ ద్రవమేమైన అంటి మిగిలెనేమోయని గూళ్లను కడిగియు పరీక్షించిరి, ఫలము మారలేదు.

ముక్కునకు సోకునదియు వాసనయే, జన్మనుండి జన్మకు జీవుని వెన్నంటి వచ్చు సంస్కారమును వాసనయే. పెట్టెలోని కస్తూరిని తీసివేసినను పెట్టెను వదలని పరిమళమును చూచి మన పెద్దలు ఆ పేరు పెట్టి యుందురు. ఈ ప్రయోగమును గూర్చి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పుకొనుటకు సిగ్గుపడను. ఒక్క గూటిలో, ఒక్క కీటకమున, రెండర్థములును కలిసి కనబడినవి గదా!

మరునాటి ఉదయమునకు ఆవేశము కొంత చల్లారినది. ఎందుకన ఆ ప్రయోగములోనే మరియొక సగము కలదు. గొంగళి ఐదు దశలలో పెరుగును, దశకును దశకును నడుమ కుబుసము విడుచును. ఐదవ దశలో నేర్చినదానినే చిమ్మట జ్ఞాపకముంచుకొన్నది. మూడవ దశలో నేర్చినది చిమ్మటవరకు రాలేదు. మెదడులో తరువాత తయారైన నాడీకణములు విధ్వంసమును దాటి నిలుచుటయు, ముందు తయారైనవి నిలువకపోవుటయు ఇందుకు కారణము కావచ్చునని పరిశోధకుల ఊహ. జ్ఞాపకమును మోయునది దేహమునకు విలక్షణమైన జీవుడే యైనచో, ఆతడు మూడవ దశలోని దెబ్బను మరచి ఐదవ దశలోని దెబ్బను ఏల గుర్తుంచుకొనవలెను? అంతటితో కూడ వివాదము ముగియలేదు. అరటిపండ్లమీద ముసురు చిన్న ఈగ మెదడులో, జ్ఞాపకమునకు ఆలవాలమైన భాగపు నాడీకణములను ఒక్కొక్కటిగా వెంబడించి చూచిన ట్రూమన్ ప్రభృతులు 2023లో వేరొక మాట చెప్పిరి: బాల్యదశలోని అల్లిక రూపాంతరమున సమూలముగా విడిపోవును, పెక్కు కణములు ఇంకొకచోటికి పోయి ఇంకొక పనిలో కుదురుకొనును, జ్ఞాపకము దాటివచ్చుటకు తగిన వంతెన అచట కనబడలేదు. ఒక ప్రయోగశాల విడువలేదన్నది, ఒకటి విడిచెనన్నది. భాగవతమును ఆత్మబోధమును మరల ఎదురెదురుగా కూర్చున్నట్లైనది; ఈసారి చిమ్మట వేరు, ఈగ వేరు అని సరిపెట్టుకొనుటకు కొంత తావున్నది.

మన ప్రాచీన వాదులను ఈ సభకు పిలిచినచో ఎవరేమందురో ఊహింపవచ్చును. నైయాయికుడు ముందుగా లేచును. నేను కంట చూచినదానినే నేను చేత తాకుచున్నానను ప్రత్యభిజ్ఞయే ఆత్మకు సాక్ష్యమనియు, అప్పుడే పుట్టిన శిశువు స్తన్యమును కోరుట పూర్వజన్మాభ్యాసమునకు గుర్తనియు న్యాయసూత్రముల తృతీయాధ్యాయమున వాదింపబడినది. ఇనుము అయస్కాంతమువైపు పోవునట్లే శిశువు పోవచ్చును గదా యని పూర్వపక్షిచేతను అచటనే పలికించిన నిజాయితీ సూత్రకారునిది. శిశువు స్తన్యాభిలాష జాతికంతకును వంశపారంపర్యమున వచ్చిన సొత్తని నేటి జీవశాస్త్రము తేల్చినది. చిమ్మట భయము మాత్రము ఆ ఒక్క చిమ్మట స్వార్జితము. కావున నైయాయికుడు శిశువును విడిచి చిమ్మటను పట్టుకొనుట మేలు. బౌద్ధుడు నవ్వును. పాలు పెరుగైనప్పుడు పెరుగు పాలే యనరాదు, పాలకు సంబంధింపనిదనియు అనరాదని నాగసేనుడు మిళిందరాజునకు చెప్పిన తీరున, గొంగళియు చిమ్మటయు ఒక్కటి కాదు, వేరును కాదు, నడుమ ప్రవాహమొక్కటే సత్యమనును. అద్వైతి తొందరపడడు. మీరు కనుగొన్నది అంతఃకరణపు మచ్చను, దానిని చూచు సాక్షిని కాదు; మచ్చ నిలిచినను చెడినను సాక్షికి వచ్చునది పోవునది లేదనును. ఈ సమాధానము అజేయము. అజేయమగుటయే దానియందలి లోపమని నాకు తోచును. ఏ చిమ్మట ఏమి చేసినను చెక్కుచెదరని సిద్ధాంతము చిమ్మటను గూర్చి ఏమియు చెప్పుట లేదు.

నా మొగ్గు బౌద్ధునివైపే. కణశాస్త్రము చూపుచున్నదియు ఆ మార్గమే. 1962లో జాన్ గర్డన్ అను ఆంగ్లేయుడు తోకకప్ప ప్రేగులోని కణకేంద్రకమును తీసి, కేంద్రకము తొలగించిన కప్పగ్రుడ్డులో నుంచగా, దానినుండి తోకకప్పలు పెరిగినవి. అనగా ప్రేగుగా స్థిరపడిన కణము సైతము కన్ను కాగల, గుండె కాగల విద్య నంతటిని విడువక దాచుకొనియే యున్నదన్నమాట. 2006లో క్యోటో నగరమున యామనాకా, తకహాషి అనువారు గ్రుడ్డుతో నిమిత్తము లేకయే ఎలుక చర్మకణములను పిండదశవంటి స్థితికి మరలించిరి. అందుకై వారు మొదట ఎన్నుకొన్న జన్యువులు 24, తుదకు చాలినవి 4. అవధూత గురువుల సంఖ్యయు ఇరువదినాలుగే. ఇది కేవలము కాకతాళీయము. దీనిపై ఎవరైనను ఉపన్యాసము కట్టుదురేమోయను భయముచేతనే ముందుగా చెప్పివేసితిని.

విశేషము తరువాతిది. అట్లు ఆదికి మరలిన కణములను పరీక్షింపగా, రక్తమునుండి వచ్చినవి రక్తమగుటకే మొగ్గుచున్నవనియు, వాని డి.ఎన్‌.ఏ.పై మునుపటి వృత్తి ముద్రలు సూక్ష్మరసాయన చిహ్నములుగా మిగిలియున్నవనియు 2010లో బోస్టను పరిశోధకులు కనుగొనిరి. కణము బాల్యమునకు పోయెను, కాని వాసన పోలేదు. ఇంకను వినుడు: ఆ కణములను తరము తరువాత తరముగా విభజిల్లనిచ్చినకొలది ఆ ముద్రలు చెరిగిపోయినవి. విద్యారణ్యులు జీవన్ముక్తివివేకమున వాసనాక్షయమును గూర్చి అంత శ్రమపడి వ్రాసిరి. ఇచట ఒక గాజుపళ్లెములో, ధ్యానము లేక, ధ్యాత లేక, అది జరిగిపోవుచున్నది. మనవారికి ఇదంతయు ముందే తెలియునని చెప్పుటకు నాకు నోరు రాదు. వారికి తెలిసినది ప్రశ్న. అదియే చాలినంత పెద్ద గౌరవము. ముద్ర కలదు, ముద్ర చెరుగుట కలదు. ముద్ర వేయించుకొన్నవాడెవడని వెదకిన, ఆ పళ్లెమున ఎవడును దొరకలేదు.

వయస్సు మీరినకొలది భ్రమరకీట న్యాయముపై నా కోపము తగ్గినది. ఆలోచించిన, గూటిలోని గొంగళి నిజముగా కందిరీగయే ఐనది: దాని మాంసము, దాని క్రొవ్వు, అది తిన్న ఆకుల పచ్చదనము కందిరీగ పిల్ల దేహమై, రెక్కలై, మట్టిని చీల్చుకొని వెలికివచ్చినవి. ధ్యానమువలన కాదు, జీర్ణమగుటవలన. తానే అన్నమనియు, తానే అన్నమును భుజించువాడననియు తైత్తిరీయమున ఋషి పాడినప్పుడు ఆయన మనస్సులో ఏ పక్షమును వహింపని ఇట్టి దృశ్యమేదో ఉండియుండవచ్చును. గొంగళికి ఇది ఊరట యగునా యనునది వేరుమాట.

గూడు పగిలిన తరువాత వచ్చిన ఏకాదశినాడు, పారాయణమున నారదుడు ధర్మరాజునకు పురుగును చూపు ఘట్టమే తటస్థించినది. తాతగారు శ్లోకము చదివిరి. అర్థము చెప్పుటకు ముందు కండ్లజోడు తీసి ఉత్తరీయపు చెంగుతో తుడుచుచు, బీరువా సందువైపు చూచిరి. అచట ఇంకను తడియారని మట్టితో మరియొక గూడు సగమువరకు లేచియుండెను. ఆయన కండ్లజోడు మరల పెట్టుకొని, నావైపు చూడక, తాత్పర్యము చెప్పకయే పై శ్లోకమునకు పోయిరి.