చదవనివాడా, చదవలేనివాడా?

క్రిందటి వేసవి సెలవులలో మేము అహేరిలోని మా చెల్లెలి యింటికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది. ఆదివార పాఠశాలలో పిల్లలు వరుసగా ఒక్కొక్క వచనము చదువుచున్నారు. ఆరవ తరగతి ముగించిన మా మేనల్లుని వంతు వచ్చినది. వాడు మొదటి మాటను మూడు విధములుగా పలికి ఆగిపోయాడు. వెనుక పిల్లలు నవ్వారు. పెద్దవారమైన మేము ఏమి చేశాము? "ఆటలు తగ్గించి పుస్తకము పట్టుకో" అని అందరి యెదుట గద్దించాము. ఆ రాత్రి వాడు ఉదయము విన్న కథనంతా ఒక్క పేరు తప్పకుండా నాయనమ్మకు చెప్పుచుండగా విన్నాము. సోమరికి ఇంత జ్ఞాపకము ఎక్కడిదని అప్పుడు అనుమానము కలిగినది.

ఆ ప్రాంతము తెలియనివారికి ఒక మాట. అహేరి, సిరొంచ ప్రాంతములు 1960లో మహారాష్ట్రలో చేరాయి. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు అందులోనికి వచ్చాయి. ఇంట తెలుగు, లేదా గోండీ, మాడియా. బడిలో మరాఠీ. దానిపైన ఇంగ్లీషు. మా వానికి తెలుగు అక్షరములు నేర్పినది ఆదివార పాఠశాలయే. దేవనాగరిలో ఘ, ధ ఒకటి వలె కనిపించును. తెలుగులో ప, వ, ష అంతే. కాబట్టి అక్కడి బిడ్డ చదవలేకపోతే "పరభాష చదువు, అందుకే" అని తల్లిదండ్రులంటారు. "శ్రద్ధ లేదు" అని గురువులంటారు. రెండూ నిజము కావచ్చును, రెండూ తప్పు కావచ్చును.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు 14 ఏండ్ల బాలుని గురించి వైద్య పత్రికలో వ్రాశాడు. చురుకైనవాడు, చూపు మంచిది, కాని ముద్రించిన మాట చదవలేడు. నేడు దీనిని డిస్లెక్సియా అంటున్నారు. వ్రాతలో వచ్చే ఇబ్బంది డిస్‌గ్రాఫియా, లెక్కలలో వచ్చేది డిస్‌కాల్కులియా. ఇది కంటి దోషము కాదు, తెలివి తక్కువతనమూ కాదు. మాటను ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనిని అక్షరముతో జతపరచే పని ఆ మెదడుకు కష్టము. కుటుంబములలో తరముల వెంట రావచ్చును. దీనికి మాత్రలు లేవు. రోజూ కొద్దికొద్దిగా, ధ్వని, అక్షరము, గుణింతము కలిపి, ఓపికతో మరల మరల నేర్పుటయే మార్గము.

పరభాష ఇబ్బందిని దీని నుండి ఎట్లు వేరు చేయాలి? బిడ్డను తన యింటి భాషలోనే చూడాలి. "మామిడి"లో మొదటి ధ్వని తీసివేస్తే ఏమి మిగులునని నోటితోనే అడగండి. అర్థము లేని మాటను విని తిరిగి చెప్పమనండి. పుస్తకము లేకుండా, సొంత భాషలో కూడ అక్కడ తడబడితే సంగతి పరభాషది మాత్రమే కాకపోవచ్చును. ఇది పరీక్ష కాదు, అనుమానము మాత్రమే. నిర్ధారించవలసినది నిపుణులు.

ఇక అసలు ప్రశ్న. ఇటువంటి పిల్లలకు ఎస్.ఎస్.సి. పరీక్షలలో అదనపు సమయము, అక్షర దోషములకు మార్కులు తగ్గించకుండుట వంటి వెసులుబాటును మహారాష్ట్ర ప్రభుత్వము 1996లోనే ఇచ్చినది. 1995 నాటి వికలాంగుల చట్టములో లేని ఈ లోపము 2016 చట్టములోని 21 వైకల్యములలో చేరినది. దీనిపై మా సంఘ పెద్ద ఒకరు, "మరి కష్టపడి చదివిన పిల్లలకు ఇది అన్యాయము కాదా?" అని అడిగారు. ప్రశ్న తేలికైనది కాదు. మేము ఆలోచించినది ఇది: ఆ పరీక్ష దేనిని కొలుస్తున్నది? చరిత్ర పరీక్ష కొలవవలసినది చరిత్రను; అక్కడ వ్రాత తప్పుకు మార్కు తీస్తే మనము వేరొకదానిని కొలుస్తున్నాము. అక్షర దోషములే కొలిచే పరీక్షలో ఆయన వాదనకు బలమున్నదని ఒప్పుకొంటాము.

మాకు కనిపించిన అన్యాయము మరొకచోట ఉన్నది. అహేరి నుండి జిల్లా కేంద్రము నూరు కిలోమీటర్లకు పైగానే. కూలి మానుకొని, బిడ్డను వెంటబెట్టుకొని సర్టిఫికెట్టు కొరకు ఎన్నిసార్లు తిరుగగలరు? చట్టము ముంబాయి బిడ్డకు, అహేరి బిడ్డకు ఒకటే; బస్సు చార్జీ ఒకటి కాదు.

ఇంకొక అడ్డు మనలోనే ఉన్నది. వలస వచ్చి స్థిరపడిన మన కుటుంబములకు పిల్లల చదువే ఆస్తి. "మా వానికి ఫలానా లోపము" అని బయటపడితే రేపు చెల్లెళ్ల సంబంధములకు అడ్డమని దాచిపెడతాము. పేరు పెడితే బిడ్డకు ముద్ర పడునన్న భయము అబద్ధము కాదు. కాని పేరు పెట్టకపోయినా వానికి ఒక పేరు ఉండనే ఉన్నది: మొద్దు. ఆ పేరు మేమే ఎన్నోసార్లు వాడినాము.

తిరిగి వచ్చే ముందు మేనల్లుని పిలిచి, నీది తప్పు కాదురా అని చెప్పాము. వాడు ఏమీ అనలేదు. బావగారు మాత్రము బస్సు వరకు వచ్చి నెమ్మదిగా ఒక మాట చెప్పారు. గుడిలో పాటల పుస్తకము తెరచి పట్టుకొంటారే గాని ఆయన ఎన్నడూ అందులో చూచి పాడలేదట. పాటలన్నీ విని నేర్చుకొన్నవే. ఇరువది ఏండ్లుగా ఆయన పక్కన నిలువబడి పాడిన మాకు ఆ సంగతి తెలియలేదు.

ఇప్పుడు అక్కడి ఆదివార పాఠశాలలో పద్ధతి మార్చారని చెల్లెలు వ్రాసినది. వచనము చదవవచ్చును, లేదా ఇంటి దగ్గర విని వచ్చి నోటితో చెప్పవచ్చును. మొదటి వారము నోటితో చెప్పుటకు మావానితో పాటు మరి ఇద్దరు చేయి ఎత్తారట. ఆ ఇద్దరి సంగతి అంతవరకు ఎవరికీ తెలియదు.