ముందు వరుస కుర్చీ
(యాకోబు పత్రిక 2వ అధ్యాయము చదువుడి)



యాకోబు తన పత్రికలో ఒక సంఘమును మన కన్నుల ఎదుట నిలుపుచున్నాడు. బంగారు ఉంగరము గలవాడు వచ్చును, అతనికి మంచి స్థలము దొరకును. మాసిన బట్టలతో మరియొకడు వచ్చును, వానికి కాళ్లయొద్ద చోటు. అపొస్తలుడు దీనిని మర్యాద లోపమని విడిచిపెట్టలేదు, పాపమనెను.

అచ్చంపేట చుట్టుపట్ల మన సంఘములలో ఉంగరములు తక్కువే. అయినను సర్పంచి గాని కంట్రాక్టరు గాని ఆరాధనకు వచ్చినయెడల, ప్రసంగము ఆపియైనను ముందు వరుసలో కుర్చీ వేయుదుము. తేనెయు బంకయు అమ్ముకొనుటకు అమ్రాబాదు గుట్టలు దిగివచ్చిన చెంచు తల్లి గుమ్మమునొద్ద నిలిచి పాట వినినయెడల, చాపమీద జరిగి చోటిచ్చువారెందరు?

మనవారిని దేవుడు ఏలాగు చేర్చుకొనెనో జ్ఞాపకము చేసికొందము. 1866లో క్లౌ దొరగారు భార్యతో ఒంగోలు చేరిరి. పట్టణములోని పెద్దకులస్థులు వారిని ఆదరించి తమ పిల్లలను బడికి పంపిరి. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన మాదిగవారు ప్రభువును నమ్మి రాసాగిరి. వారిని చేర్చుకొనినయెడల తాము రామని పెద్దలు తేల్చి చెప్పిరి. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరియొక గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే వేదము తెరచిరి. ఇద్దరికిని 1 కొరింథీ 1:26 మొదలగు వచనములే కనబడెను. లోకము లెక్కపెట్టనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన మాటలవి. మాదిగ విశ్వాసులను చేర్చుకొనిరి. పెద్దకులముల పిల్లలు బడి మానిరి. చేతికందిన పట్టణమును పోగొట్టుకొనుట లోకము దృష్టిలో తెలివితక్కువ పనియే.

ఆ తరువాత 1876–78 నాటి గొప్ప క్షామము వచ్చెను. క్లౌ గారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. ఆ సహాయము జరుగుచున్నంత కాలము, ఎందరు అడిగినను బాప్తిస్మమియ్యలేదు. కూటికొరకు ఎవరును విశ్వాసమొప్పుకొనకూడదని వారి పట్టుదల. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ బాప్తిస్టు మిషనువారే 1885లో పాలమూరునకు, 1890లో నల్లగొండకు వచ్చిరి. ఒంగోలులో పెద్దల మాట విని తలుపు మూసియుండినయెడల, మన తాతలలో ఎందరి చేతికి వేదము వచ్చియుండును? అట్టి తలుపున లోపలికి వచ్చిన మనమే ఇప్పుడు మాలవాడ గుడి, మాదిగవాడ గుడి అనుచున్నాము. ప్రభు బల్లయొద్ద ఒకే రొట్టె విరుతుము. పెండ్లిమాట రాగానే వాడ ఏదని అడుగుదుము. ఊరి ఆచారమని కొందరందురు. ఎన్నో పూర్వాచారములు విడిచివచ్చిన మనకు ఈ ఒక్కటి విడుచుటయే కష్టమైనదా?

మన మాటయు అట్లే యున్నది. ఉదయము కీర్తన పాడిన నాలుకతోనే సాయంకాలము బోరింగునొద్ద పొరుగువాని కులముపేరు తిట్టుగా పలుకుదుము. పిల్లలు వినుచున్నారు. ఆదివారపు బడిలో చెప్పిన వచనముకంటె ఆ తిట్టు వారికి త్వరగా కంఠతా వచ్చును.

మరియొక సంగతి చెప్పక తప్పదు. పాలమూరు కూలీలని దేశమంతట పేరుపడిన ఈ సీమలో, గుంపులను బొంబాయికో పూనాకో తీసికొనిపోవు మేస్త్రీలలో విశ్వాసులును ఉందురు. బయానా లెక్క చదువురానివానికి ఏలాగు చెప్పుచున్నారు? బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదని యాకోబు 5వ అధ్యాయములో ఉన్నది. ఆ కూలిలోనుండి దశమభాగము తెచ్చినయెడల, సంఘపెద్దలు పళ్లెము చాపకముందు ఒకమాట అడుగవలెను. అడిగినయెడల కానుక తగ్గునని భయము. తగ్గనియ్యుడి.

రాబోవు కోతపండుగ విందునకు రెండు వాడలవారు కలిసి వంట చేయుదురుగాక. మేస్త్రీ ప్రక్కన అతని గుంపులోని కూలివాడు కూర్చుండునట్లు విస్తర్లు వేయుడి. గుట్టమీది పెంటలకు ముందుగానే కబురు పంపుడి. మిగిలినది పెట్టుటకు కాదు, మొదటి పంక్తికే రమ్మని పిలువుడి.